పిల్లి ఉన్న ఇల్లు: ఫినాయిల్ నుంచి పిట్టగోడ దాకా

పిల్లిని గడప దాటనివ్వకపోతే చాలు, దానికేమీ కాదన్న ధీమా అపార్టుమెంట్లలో పిల్లుల్ని పెంచే చాలామందికి ఉంటుంది. బండ్లు, వీధికుక్కలు, వేరే పిల్లులతో కొట్లాటలు, వాటి నుంచి అంటుకునే జబ్బులు అన్నీ బయటే ఉండిపోతాయి కాబట్టి ఆ ధీమాలో సగం నిజం ఉంది. చిక్కంతా మిగతా సగంతోనే. ఇంట్లో పిల్లి ప్రాణం మీదికి తెచ్చేవి చాలావరకు మనం మంచికని చేసే పనులే. నేల శుభ్రంగా ఉండాలని వేసే ఫినాయిల్, జ్వరం తగ్గాలని వేసే మాత్ర, పుట్టినరోజుకి తెచ్చే బొకే, పేలు పోవాలని రాసే మందు, గాలి ఆడాలని తీసిపెట్టే కిటికీ. మనిషికి ఏమీ చేయని వస్తువు పిల్లిని ఎందుకు చంపుతుందో అర్థమైతేనే ఏది దాచాలో, ఏది ఉంచొచ్చో తేల్చుకోగలం. అందుకు ముందు దాని నాలుక గురించీ కాలేయం గురించీ తెలియాలి.

పిల్లి నాలుక చేతికి గరుకుగా తగులుతుంది. దాని మీద గొంతు వైపుకి వంగిన సన్నటి ముళ్లుంటాయి. మన గోళ్లలో ఉండే కెరాటిన్‌తోనే అవీ తయారవుతాయి. బొచ్చు దువ్వుకోవడానికీ, ఎముకకి అంటిన మాంసాన్ని గీక్కోవడానికీ పనికొచ్చే ముళ్లవి. మేలుకుని ఉన్న సమయంలో పెద్ద భాగం పిల్లి ఒళ్లు నాక్కోవడంలోనే గడుపుతుంది. కాబట్టి పాదాలకి, బొచ్చుకి ఏది అంటినా కాసేపట్లో కడుపులోకి చేరుతుంది. పిల్లి విషయంలో తొక్కింది, తిన్నది అని రెండు వేరు వేరుగా ఉండవు. తొక్కిందంటే తిన్నట్టే.

ఇక కాలేయం. మన ఒంట్లోకి వచ్చిన మందుల్లో, ఫినాల్ జాతి రసాయనాల్లో చాలావాటికి కాలేయం గ్లూకురోనిక్ ఆమ్లాన్ని తగిలించి, నీళ్లలో కరిగేలా మార్చి మూత్రంలో పంపేస్తుంది. ఆ పని చేసే ఎంజైముల్లో ముఖ్యమైన ఒకదానికి సంబంధించిన జన్యువు, యూజీటీ1ఏ6, పిల్లిలో చెడిపోయి ఉంది. ఇంటి పిల్లి ఒక్కటే కాదు, పరీక్షించి చూసిన దాని అడవి చుట్టాలదీ ఇదే కథ. తరతరాలుగా మాంసమే తిన్న వంశం కావడంతో మొక్కల్లోని విషాలను విరిచే అవసరం పడలేదనీ, వాడకం లేని జన్యువు పాడైపోయిందనీ శాస్త్రవేత్తలు చెబుతారు. కారణం ఏదైనా, మనకి ఒక పూటలో దిగిపోయే మందు పిల్లి ఒంట్లో అంతకంటే చాలా ఎక్కువసేపు ఉండిపోవచ్చు. ఉన్నంతసేపూ హాని చేస్తూనే ఉంటుంది.

ఈ రెండూ కలిసే చోటు తడి నేల. నల్ల ఫినాయిల్‌లో ఉండేవి తారు నుంచి తీసిన ఫినాల్ పదార్థాలు. తెల్ల ఫినాయిల్‌లో ఎక్కువగా ఉండేది పైన్ నూనె. నీళ్లలో పోయగానే పాలలా తెల్లబడే యాంటీసెప్టిక్ ద్రవాల్లో క్లోరోజైలినాల్ అనే ఫినాల్ జాతి మందు, దాంతోపాటు పైన్ నూనె ఉంటాయి. ఇవేవీ పిల్లి కాలేయానికి పడవు. పొద్దున్నే నేల తుడిచాక, తడి ఆరకముందే పిల్లి హాల్లోంచి వంటింట్లోకి నడిచి వెళ్తుంది. తర్వాత సోఫా ఎక్కి కూర్చుని, ముందుకాలు ఎత్తి, వేళ్లు విడదీసి మధ్యలో ఉన్న మెత్తల్ని ఒక్కొక్కటిగా నాకుతుంది. చిక్కగా కలిపిన నీళ్లయితే కాసేపటికి నోట్లోంచి చొంగ కారడం మొదలవుతుంది. నాలుక అంచుల్లో పుండ్లు పడతాయి, తిండి మానేస్తుంది. ఎక్కువ మోతాదు పోతే తూలుతుంది, కాలేయం దెబ్బతింటుంది. పలచగా కలిపి, పిల్లిని ఒక గదిలో ఉంచి, నేల పూర్తిగా ఆరాక వదిలితే ప్రమాదం బాగా తగ్గుతుంది. అయినా అసలు ఫినాయిలే మానేసి, మామూలు నీళ్లలో కాస్త డిటర్జెంట్ వేసి తుడిచి, మళ్లీ మంచినీళ్లతో ఒకసారి తుడవడం మేలు. ఇల్లు తుడవడానికి పనివాళ్లు వస్తుంటే వాళ్లకి ఈ సంగతి కారణంతో సహా చెప్పాలి. ఊరికే వద్దంటే పిసినారితనం అనుకుంటారు.

క్రిమిసంహారకం నిజంగా అవసరమయ్యే సందర్భం మాత్రం ఒకటుంది. పిల్లుల్లో వాంతులు, విరేచనాలతో మొదలై తెల్ల రక్తకణాలు పడిపోయే పాన్‌ల్యూకోపీనియా వైరస్ ఇంటి నేల మీద, దుప్పట్లలో ఏడాది దాకా బతికి ఉండగలదు. టీకా పడని కూనల్లో చాలావాటిని అది చంపేస్తుంది. స్పిరిట్ దాన్ని ఏమీ చేయలేదు, ఇళ్లలో వాడే చాలా రకాల క్లీనర్లకీ లొంగదు. ఒక వంతు మామూలు బ్లీచింగ్ ద్రావణానికి 32 వంతుల నీళ్లు కలిపి, ముందే శుభ్రం చేసిన నేల మీద పది నిమిషాలు ఉంచితే చస్తుంది. తర్వాత కడిగి, ఆరాకే పిల్లిని రానివ్వాలి. ఈ వైరస్ చెప్పుల అడుగున అంటుకుని కూడా ఇంట్లోకి వస్తుంది. చెప్పులు గడప బయటే విడిచే మన అలవాటు పిల్లికి చాలా మేలు చేస్తోంది. బయటికే వెళ్లని పిల్లికి టీకాలెందుకు అనే ప్రశ్నకి జవాబు కూడా అదే. కూనకి ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి, 16 వారాలు నిండేదాకా వేయించాలి. మూడు నెలలకి రేబిస్ టీకా తప్పనిసరి.

మాత్రలు, చుక్కలు, ఉండలు

జ్వరం మాత్ర గురించి ఎంత చెప్పినా తక్కువే. పారాసిటమాల్ లేని తెలుగు ఇల్లు ఉండదు. డోలో, క్రోసిన్, కాల్పాల్ అన్నీ అదే మందు. పిల్లి నలతగా ఉంది, ఒళ్లు వేడిగా తగులుతోంది, పసిపిల్లలకి వేసినట్టే పావు ముక్క వేద్దాం అనుకోవడం ప్రేమతో చేసే పనే. కానీ నాలుగు కిలోల పిల్లిని చంపడానికి ఒక్క 500 మిల్లీగ్రాముల మాత్ర చాలు, అంతకంటే చాలా తక్కువతోనే విషం ఎక్కిన సందర్భాలున్నాయి. కాలేయం ఆ మందుని మామూలు దారిలో బయటికి పంపలేక వేరే దారి పట్టిస్తుంది. ఆ దారిలో తయారయ్యే పదార్థం ఎర్ర రక్తకణాల మీద పడుతుంది. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్ మోయలేని రూపంలోకి మారి, రక్తం చాక్లెట్ రంగుకి తిరుగుతుంది. గులాబీ రంగులో ఉండాల్సిన చిగుళ్లు గోధుమ రంగుకో నీలానికో మారతాయి. ముఖం, పాదాలు ఉబ్బుతాయి, ఊపిరి ఎగబీలుస్తుంది. విరుగుడు ఉంది. మనుషుల ఆసుపత్రుల్లోనూ వాడే ఎన్-అసిటైల్‌సిస్టీన్ అనే మందది. గంటల్లోపు అందితేనే దానికి ఫలితం ఉంటుంది. ఐబూప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలూ పిల్లికి ప్రమాదమే. జలుబు చేసిందని పిల్లి ఛాతీకి రాసే బామ్‌లో కర్పూరం, మెంథాల్ ఉంటాయి. రాసింది రాసినట్టే నాకేస్తుంది. కాబట్టి పిల్లికి మనుషుల మందు ఏదైనా సరే, డాక్టర్ చెప్పకుండా వేయకూడదు. మంచం పక్కన టీపాయ్ మీద మాత్రల స్ట్రిప్పులు వదిలేయకూడదు. కింద పడ్డ మాత్రని పిల్లి ముందు ఆడుకునే వస్తువుగా చూస్తుంది, తర్వాత కొరుకుతుంది.

కుక్కల మందు పిల్లికి వేయడం ఇంకో పెద్ద ప్రమాదం. పేలు, గోమార్లు పోవడానికి కుక్క మెడ మీద పోసే చుక్కల్లో కొన్నిటిలో పెర్మెత్రిన్ ఉంటుంది. కుక్కకి అది హాయిగా పనిచేస్తుంది. పిల్లి మీద పోస్తే కొన్ని గంటల్లో చెవులు, మూతి అదరడం మొదలై, ఒళ్లంతా వణికి, ఫిట్స్ దాకా వెళ్తుంది. చిన్న కుక్క డోసు పిల్లికి సరిపోతుందనే లెక్క ఇక్కడ పనికిరాదు. కుక్కా పిల్లీ రెండూ ఉన్న ఇంట్లో కుక్కకి చుక్కలు వేశాక పూర్తిగా ఆరేదాకా రెండిటినీ వేరుగా ఉంచాలి, ఎందుకంటే పిల్లి కుక్కని కూడా నాకుతుంది. పొరపాటున పడితే గిన్నెలు కడిగే లిక్విడ్ సబ్బు, గోరువెచ్చని నీళ్లతో కడిగి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. వేడినీళ్లు వాడొద్దు. వేడికి చర్మం మందుని ఇంకా పీల్చుకుంటుంది.

బీరువాలో పట్టుచీరల మధ్య, వాష్‌బేసిన్ జాలీ మీద పెట్టే కలరా ఉండలు గుండ్రంగా, దొర్లేలా, కూన పంజా దెబ్బకి సరిగ్గా సరిపోయే సైజులో ఉంటాయి. వాటిలోని నాఫ్తలీన్ ఎర్ర రక్తకణాల్ని విరగ్గొడుతుంది. పిల్లి ఉన్న ఇంట్లో అవి అసలు ఉండకపోవడమే మంచిది. ఉల్లి, వెల్లుల్లి చేసే పనీ ఇదే. సాంబారు అన్నం, చికెన్ పులుసు కలిపిన అన్నం అలవాటుగా పెడుతూ పోతే రక్తహీనత వస్తుంది. మసాలా, ఉప్పు, ఉల్లి లేకుండా ఉడకబెట్టిన కోడిమాంసం పెట్టండి, ఎముకలు తీసేసి.

పూలు, పత్రి, దారం

బొకేల్లో వచ్చే పెద్ద లిల్లీ పూలు పిల్లికి అన్నిటికన్నా ప్రమాదకరమైన మొక్క. ఆరు వెడల్పాటి రేకలు, తెలుపో గులాబీ రంగో నారింజో, మధ్యలో పొడుగ్గా నిలబడ్డ కేసరాల కొసన ముదురు గోధుమ రంగు పుప్పొడి. వేలితో తాకితే పసుపు అంటినట్టు అంటుకుంటుంది. ఆ పుప్పొడి పిల్లి వీపు మీద రాలి, అది నాకితే చాలు. ఆకు కొరికినా, వాజులో నీళ్లు తాగినా అంతే. మొదటి కొన్ని గంటల్లో వాంతులు అవుతాయి, తర్వాత తేరుకున్నట్టు కనిపిస్తుంది. ఆ తేరుకోవడమే మనల్ని మోసం చేస్తుంది. ఒకటి నుంచి మూడు రోజుల్లో రెండు కిడ్నీలూ ఆగిపోతాయి. ఇందులోని విష పదార్థం ఏమిటో శాస్త్రం ఇంకా తేల్చలేదు. తిన్న తొలి 18 గంటల్లోపు సెలైన్ ఎక్కించడం మొదలుపెడితే బతికే అవకాశం బాగా ఉంటుంది, ఆలస్యమైతే చాలా కష్టం. డే లిల్లీ అనే తోట మొక్క కూడా ఇదే పని చేస్తుంది. మన పూలబజార్లలో దండల కోసం కిలోల లెక్కన అమ్మే తెల్లటి లిల్లీ, అంటే నేలసంపెంగ, వేరే మొక్క. కొలనులో కలువ కూడా వేరు. పీస్ లిల్లీ, మనీ ప్లాంట్ ఆకులు కొరికితే వాటిలోని సూది స్ఫటికాలు నోట్లో గుచ్చుకుని మంట పుడుతుంది, చొంగ కారుతుంది, కానీ కిడ్నీలు పోవు. పిల్లి ఉన్న ఇంటికి బొకే వస్తే లోపలికి తీసుకునే ముందే గుమ్మం దగ్గర చూసి, లిల్లీలుంటే పూర్తిగా తీసేయాలి. పై అరలో పెడితే సరిపోదు. పిల్లికి అందని పై అర అంటూ ఉండదు.

వినాయక చవితి పత్రి గురించి ఎవరూ పెద్దగా ఆలోచించరు. 21 రకాల పత్రిలో దత్తూర పత్రం అంటే ఉమ్మెత్త, కరవీర పత్రం అంటే గన్నేరు, అర్క పత్రం అంటే జిల్లేడు. గన్నేరులోనూ జిల్లేడులోనూ గుండె కొట్టుకునే తీరుని చెడగొట్టే విషాలుంటాయి, ఉమ్మెత్తలోవి నరాల మీద పనిచేస్తాయి. పూజ నాడు కట్టలుగా తెచ్చిన ఆకులు నిమజ్జనం దాకా పీఠం మీదే ఉంటాయి. పచ్చి ఆకు కనిపిస్తే కొరకడం పిల్లికి అలవాటు, గరిక ఉంటే ఇంకా ఇష్టం. గరిక తినడం మంచిదే, పక్కనున్నవి తింటేనే చిక్కు. దేవుడి గదికి తలుపుంటే మూసేయడం, లేకపోతే ఆ మూడు రకాల ఆకుల్నీ పూజ అయ్యాక అదే రోజు తీసి పిల్లి తిరగని తోటలోనో కుండీలోనో వేయడం చాలు. పూజకి లోటు రాదు, పిల్లికీ ముప్పుండదు. వెలిగించిన దీపం ముందు పిల్లి తోక ఊపుతూ తిరగడం చాలా ఇళ్లలో జరిగేదే కాబట్టి, దీపం ఉన్నంతసేపు ఒక మనిషి అక్కడ ఉండాలి.

కుండీల్లో ప్రత్యేకంగా చూసుకోవాల్సింది సైకస్. కడియం మొదలుకుని ఊరూరా నర్సరీల్లో దొరికే ఈ మొక్క చూడ్డానికి పొట్టి తాటిచెట్టులా ఉంటుంది. ఆకుల నుంచి గింజ దాకా అంతా విషమే, కాలేయాన్ని దెబ్బతీస్తుంది. కలబంద తింటే వాంతులు, విరేచనాలు అవుతాయి. అరెకా పామ్, స్పైడర్ ప్లాంట్ ఉంచుకోవచ్చు. ఒక చిన్న కుండీలో గుప్పెడు గోధుమలు చల్లి మొలకెత్తనిస్తే పిల్లి మిగతా మొక్కల జోలికి పోవడం చాలావరకు తగ్గుతుంది.

పూల దారానిది మరో రకం ప్రమాదం. జడలో పెట్టుకున్న మల్లెదండ రాత్రికి తీసి డ్రెస్సింగ్ టేబుల్ మీద పడేస్తాం. వాడిన పూలు రాలి, సన్నటి దారం మిగులుతుంది. పిల్లి దాన్ని పంజాతో లాగి, నోట్లో పెట్టుకుంటుంది. పెట్టుకున్నాక ఉమ్మేయలేదు. నాలుక మీది ముళ్లు గొంతు వైపుకే వంగి ఉంటాయి కాబట్టి దారం ముందుకే జారుతుంది తప్ప వెనక్కి రాదు. ఒక కొస నాలుక మొదట్లో చిక్కుకుని, రెండో కొస పేగుల్లోకి పోతే, పేగు దాన్ని కిందికి నెట్టాలని చూసి చూసి, బొందు లాగిన లంగా నడుంపట్టీలా మడతలు పడి ముడుచుకుపోతుంది. బిగుసుకున్న దారం పేగు గోడని కోసేస్తుంది. ఆపరేషన్ తప్ప దారి లేదు. కుట్టుసూదికి దారం గుచ్చి వదిలేయడం, స్వీటుబాక్సుల రిబ్బన్లు, జరీ పోగులు, పాల ప్యాకెట్ కట్టిన రబ్బరు బ్యాండ్లు, అన్నీ ఈ కోవలోవే. రెండు మూడుసార్లు వాంతి చేసుకుని తిండి మానేసిన పిల్లి నాలుక కింద దారం కనిపించినా, వెనక నుంచి దారం కొస వేలాడినా లాగకూడదు. లాగితే లోపల పేగు తెగుతుంది. కత్తిరించడం కూడా డాక్టర్ పనే.

పిట్టగోడ అంచున

పిల్లిని ఎటు పడేసినా కాళ్ల మీదే పడుతుందని అంటారు. నిజమే. పడేటప్పుడు గాల్లోనే ఒళ్లు తిప్పుకుని కాళ్లు కిందికి తెచ్చుకునే నేర్పు కూనకి ఆరేడు వారాలకే వచ్చేస్తుంది. 1894లోనే ఫ్రాన్స్‌లో ఎతియెన్ జూల్ మారే అనే శాస్త్రవేత్త వరస ఫొటోలు తీసి ఈ మలుపుని చూపించాడు. కానీ కాళ్ల మీద పడటం, దెబ్బ తగలకపోవడం ఒకటి కావు. కాళ్లు నేలకి తగిలాక ఛాతీ, దవడ కూడా నేలని కొడతాయి. ఊపిరితిత్తుల చుట్టూ గాలి చేరడం, నోటి పైభాగం చీలడం, ముందుకాళ్లు విరగడం ఇలాంటి పడిపోవడాల్లో తరచుగా కనిపించే గాయాలు.

ఎక్కువ ఎత్తు నుంచి పడితేనే మేలన్న మాట కూడా ఒకటి చాలాకాలంగా తిరుగుతోంది. దానికి మూలం న్యూయార్క్‌లోని యానిమల్ మెడికల్ సెంటర్ వైద్యుల పరిశీలన. ఐదు నెలల్లో పై అంతస్తుల నుంచి పడి ఆ ఆసుపత్రికి వచ్చిన 132 పిల్లుల వివరాలను వాళ్లు 1987లో ప్రచురించారు. చికిత్స అందినవాటిలో దాదాపు 90 శాతం బతికాయి, ఏడంతస్తులు దాటిన ఎత్తు నుంచి పడ్డవాటికి గాయాలు తక్కువగా కనిపించాయి. గంటకి సుమారు 100 కిలోమీటర్ల వేగం దగ్గర పిల్లి ఇంక వేగం పుంజుకోదనీ, అప్పుడు ఒళ్లు వదులు చేసి కాళ్లు చాపుతుందనీ వాళ్లు వివరించారు. ఈ లెక్కలో ఒక పెద్ద ఖాళీ ఉంది. పడ్డ చోటే చచ్చిపోయిన పిల్లిని ఎవరూ ఆసుపత్రికి తీసుకురారు. ఎక్కువ ఎత్తు నుంచి పడి చచ్చినవి లెక్కలోకే రాలేదు. 2004లో క్రొయేషియాలోని జాగ్రెబ్ వైద్యులు 119 పిల్లుల మీద ప్రచురించిన పరిశీలనలో ఏడో అంతస్తు, ఆ పైనుంచి పడ్డవాటికే గాయాలు తీవ్రంగా ఉన్నాయి. పడ్డవాటిలో సగానికి పైగా ఏడాది నిండని పిల్లులు. అంటే మూడో అంతస్తయినా, పదమూడో అంతస్తయినా వల కట్టాల్సిందే. కూనగా ఉన్నప్పుడే కట్టాలి.

మన అపార్టుమెంట్లలో పిల్లిని పిట్టగోడ ఎక్కించేది పావురం. గ్రానైట్ పలక పరిచిన గోడ అంచు, స్టీలు రెయిలింగు రెండూ నున్నగా ఉంటాయి, గోళ్లు దిగవు. రోజూ దాని మీద నిదానంగా నడిచే పిల్లే, ఎదురుగా ఏసీ యూనిట్ మీద పావురం వాలగానే అంచు సంగతి మరిచిపోతుంది. ఇన్నాళ్లూ పడలేదు కదా అనే మాట ఇందుకే పనికిరాదు.

హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో పావురాల వలలు కట్టేవాళ్లు వీధికొకరు ఉన్నారు. వాళ్లు మామూలుగా కట్టేది పావురం లోపలికి రాకుండా ఆపే వల. మనకి కావాల్సింది పిల్లి బయటికి పోకుండా ఆపేది. తేడా మూడు చోట్ల వస్తుంది. మొదటిది కన్ను సైజు. కూన తల ఎక్కడ దూరితే ఒళ్లూ అక్కడ దూరుతుంది, కాబట్టి కూన ఉన్న ఇంట్లో చిన్న కన్ను వలే తీసుకోవాలి. సన్నటి స్టీలు తీగలు నిలువుగా లాగి కట్టే ఇన్విజిబుల్ గ్రిల్‌లో తీగల మధ్య సందు కూనకి సరిపోయేంత ఉంటుంది. ఎదిగిన పిల్లి కూడా తీగల్ని ఒత్తి తల దూర్చగలదు. రెండోది కొక్కేలు. పావురం వలని బయటి నుంచి తాకుతుంది. పిల్లి లోపలి నుంచి నాలుగైదు కిలోల బరువుతో వల మీదికి ఎక్కుతుంది. కొక్కేలు దగ్గర దగ్గరగా, గోడలోకి గట్టిగా దిగి ఉండాలి. ఎక్కువ నిర్లక్ష్యం జరిగేది కింది అంచు దగ్గర. నేలకీ వలకీ మధ్య అరచేతి సందు మిగిల్చి వెళ్లిపోతారు. మూడోది ఎండ. మన ఎండలకి నైలాన్ పెళుసెక్కుతుంది. ఒక చోట గోళ్లతో గీరగా గీరగా పోగు తెగితే ఆ చిల్లు రెండు రోజుల్లో పెద్దదవుతుంది. ప్రతి వేసవి అయిపోగానే వల మొత్తం చేత్తో లాగి చూసుకోవాలి. డబ్బు పెట్టగలిగితే స్టెయిన్‌లెస్ స్టీలు జాలీ ఏళ్ల తరబడి ఉంటుంది.

కిటికీలకి వెల్క్రోతో అంటించే దోమతెర పిల్లి బరువుకి ఆగదు. ఆనుకుని కూర్చుంటే తెరతో సహా కిందికి పోతుంది. పాత ఇళ్ల ఇనుప గ్రిల్ డిజైన్లలో పువ్వు మధ్యలో ఖాళీ పెద్దగా ఉంటుంది, అక్కడ లోపలి వైపు జాలీ బిగించాలి. వల కడితే బిల్డింగ్ అందం చెడుతుందని అసోసియేషన్ నుంచి అభ్యంతరం వస్తే, వలని రెయిలింగు లోపలి వైపు, గోడ రంగుకి దగ్గరగా ఉండేలా కట్టిస్తే సాధారణంగా గొడవ సద్దుమణుగుతుంది. పెంపుడు జంతువుల్ని పూర్తిగా నిషేధించే హక్కు అసోసియేషన్లకి లేదని భారత జంతు సంక్షేమ బోర్డు 2015 మార్గదర్శకాలు చెబుతున్నాయి.

పిల్లి పై నుంచి పడి లేచి నడిచినా, బాగానే ఉందనుకుని ఇంటికి తెచ్చి పాలు పెట్టి పడుకోబెట్టకూడదు. ఛాతీలో గాలి చేరిన సంగతి కొన్ని గంటల దాకా బయటపడకపోవచ్చు. అదే రోజు ఎక్స్‌రే తీయించాలి.

బయటికి పోవాలనే తపన తగ్గడానికి వల కంటే ఆపరేషన్ ఎక్కువ పనిచేస్తుంది. ఆడపిల్లి నాలుగు నుంచి ఆరు నెలలకే ఎదకి వస్తుంది. అప్పుడు తలుపు సందు దొరికితే దూకేస్తుంది, వల కొరుకుతుంది. మగది వాసన పట్టి మెట్ల దారిలో పరుగెత్తుతుంది. ఐదారు నెలల వయసులో పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించడాన్ని ఇంటి భద్రతలో భాగంగానే చూడాలి.

వెచ్చటి చోట్లు, ఎలుకల మందు

ముందు తలుపు ఉన్న వాషింగ్ మెషీన్‌లో ఉతికిన బట్టల మధ్య పిల్లి పడుకుంటుంది. తలుపు మూసే ముందు ఒకసారి చెయ్యి పెట్టి చూడాలి, వాడనప్పుడు మూసి ఉంచాలి. అడుగున సామాను పెట్టుకునే బాక్సు మంచం, రిక్లైనర్ సోఫా కూడా అంతే. కింద పార్కింగ్‌లో వానాకాలం, చలికాలం కారు ఇంజిన్ వెచ్చదనానికి లోపల దూరే వీధిపిల్లుల కోసం బండి తీసే ముందు బానెట్ మీద రెండుసార్లు తట్టడం అందరూ చేయగల పని.

ఎలుకల మందు విషయంలో ఇంట్లో జాగ్రత్త పడితే సరిపోదు. కింది ఫ్లాట్ వాళ్లు పెట్టిన మందు తిన్న ఎలుక మన బాల్కనీలోకి వచ్చి పడొచ్చు. బ్రోమాడియోలోన్ అనే మందు ఉన్న ఎలుకల బిళ్లలు రక్తం గడ్డకట్టకుండా చేస్తాయి. తిన్న రెండు నుంచి ఐదు రోజులకి గానీ రక్తస్రావం కనిపించదు కాబట్టి, కారణం ఎవరికీ తట్టదు. దానికి విటమిన్ కె1 విరుగుడు. పసుపు భాస్వరం ఉన్న ఎలుకల పేస్టుకి మాత్రం విరుగుడు లేదు. అది పిల్లికే కాదు, మనుషులకీ పసిపిల్లలకీ ప్రాణాంతకమే. అలాంటిది ఏ ఇంట్లోనూ ఉండకూడదు. జిగురు అట్టకి పిల్లి అతుక్కుంటే కిరోసిన్, థిన్నర్ వాడొద్దు. వంటనూనె రాస్తూ నెమ్మదిగా విడదీసి, తర్వాత సబ్బుతో కడగాలి.

దీపావళి రాత్రి పిల్లికి ఎంత టెన్షనో మనం ఊహించలేం. మన చెవి 20 కిలోహెర్ట్‌జ్ దగ్గర ఆగిపోతే, దాని చెవి 60 దాటి వింటుంది. ఆ సాయంత్రం నుంచి కిటికీలు మూసిన ఒక లోపలి గదిలో నీళ్లు, మట్టి ట్రే, దాక్కోవడానికి ఒక అట్టపెట్టె పెట్టి పిల్లిని ఆ గదిలోనే ఉంచాలి. పండగలప్పుడు చుట్టాల రాకపోకలతో వీధి తలుపు తెరిచే ఉంటుంది. పిల్లులు తప్పిపోయేది అలాంటప్పుడే.

ఏదైనా తిన్నట్టు అనుమానం వస్తే ఇంట్లో వాంతి చేయించే ప్రయత్నం చేయకూడదు. ఉప్పునీళ్లు పట్టిస్తే రక్తంలో ఉప్పు పెరిగి అదే ఇంకో విషమవుతుంది. యాసిడ్, ఫినాయిల్ లాంటివి పైకి వచ్చేటప్పుడు గొంతుని రెండోసారి కాలుస్తాయి. పాలు, పసుపునీళ్లు, కొబ్బరినీళ్లు విషాన్ని విరవవు. పట్టించడానికి పెనుగులాడే ఆ సమయంలో ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదమూ ఉంది. ఒంటి మీద ఏదైనా అంటి ఉంటే మళ్లీ నాకకుండా తువ్వాలులో చుట్టాలి. తిన్న మాత్ర స్ట్రిప్పో, మందు డబ్బానో, కొరికిన ఆకో వెంట తీసుకెళ్లాలి. డాక్టర్ అడిగే మొదటి మూడు ప్రశ్నలు ఏం తింది, ఎంత తింది, ఎప్పుడు తింది అనేవే.

ప్రభుత్వ పశువైద్యశాలలు చాలావరకు పగటి వేళల్లోనే ఉంటాయి. పశువైద్య కళాశాలల ఆసుపత్రులు హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో, గన్నవరంలో, తిరుపతిలో ఉన్నాయి. పిల్లిని తెచ్చుకున్న వారంలోనే మీ ఊళ్లో రాత్రి పూట తెరిచి ఉండే క్లినిక్ ఏదో, అక్కడ పిల్లుల్ని చూస్తారో లేదో ఫోన్ చేసి కనుక్కుని ఫ్రిజ్ మీద రాసి పెట్టండి. మోసుకెళ్లే బుట్టని అటక మీద పెట్టకుండా హాల్లోనే, మూత తీసి, లోపల పాత చీర పరిచి ఉంచండి. పిల్లి రోజూ అందులో పడుకునేలా అలవాటైతే, అర్ధరాత్రి దాన్ని మంచం కింద నుంచి లాగడానికి పావుగంట పోదు.